పొయ్యి అలికిన సిపాయిలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక మాట చెబుతాను. నేను చదివింది మూడో తరగతే గానీ, చెవిన పడిన మాట మరచిపోను.

అమీర్‌పేటలో నాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. సైన్యంలో హవల్దారుగా ఉన్న మా తమ్ముడు మొన్న సెలవు మీద వచ్చి, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఎక్కడో కొండల్లో, తిరుగుబాటుదారులున్న చోట వాడి పని. వాడి దళం కొత్తగా ఏర్పడింది. అందరూ నా దగ్గర కూరలు కట్టించుకునే ఎస్.ఆర్. నగర్ హాస్టల్ పిల్లల ఈడువాళ్లే.

"గంత చిన్నోళ్లు ఏం కొట్లాడుతర్రా?" అన్నాను.

"ముందుగాల మా తప్పు ఇను అక్కా," అన్నాడు.

ఒక ఊళ్లో సోదా చేస్తూ, ముసలామె ఇంట్లో బూటుకాలితో పొయ్యి తొక్కేశారట. ఆ కొండవాళ్లకు పొయ్యి చనిపోయిన పెద్దలుండే చోటు, కాలు తగలకూడదు. ఆ రోజు నుంచి ఊరు వీళ్లతో మాట్లాడటం మానేసింది. వాగుకు రెండు బాటలు, ఒకదానిలో తిరుగుబాటుదారులు పెట్టిన మందుపాతర ఉంది. ఏ బాటో ఊరికి తెలుసు, చెప్పరు. క్యాంపులో నీళ్లు రెండు రోజులకే ఉన్నాయి.

"మీ ఆఫీసరు బెదిరించిండా?"

"లే. ఊరందరి ముంగట చేతులు జోడించి, తప్పు మాదే అన్నడు. కొత్తోళ్లం గదా, తప్పు ఒప్పుకుంటే పరువు పోతదని మాకెవ్వలూ నేర్పలే. బూట్లు ఇడిచి, మట్టి కలిపి పొయ్యి నేనే అలికిన."

"నువ్వా! మనింట్ల ఒక్కనాడన్న అలికినావురా?"

"ఆమె సుత గట్లనే నవ్వింది. నా చెయ్యి పట్టుకొని మళ్లా అలికిపిచ్చింది."

మర్నాడు పొద్దున ముసలామె బిందె పట్టుకుని వాళ్ల ముందు నడిచింది, ఎడమ బాటలో. ఆమె అడుగులోనే అడుగేసి అందరూ వాగు చేరారు.

"మరి ఆ తిరుగుబాటోళ్లు ఆమెను బతకనిస్తరారా?" చిక్కుడుకాయలు పక్కన పెట్టి అడిగాను.

"గదే ఫికర్. గందుకే నీళ్లు దొరికినంక సుత ఊరిడిచి పోలే. ఆమె గడప కనబడేటట్టు కాపలా పెట్టినం. ఇప్పుడు సుత మా పోరగాళ్లు ఆడనే ఉన్నరు, ఆమె మంచిగనే ఉంది."

ఇది విన్నాక, వాళ్ల దగ్గర ఎన్ని తుపాకులున్నాయని నేను అడగనే లేదు. ఎల్లుండి వాడు మళ్లీ అక్కడికే వెళ్తున్నాడు.

మీ ఇల్లు చల్లగుండాలి. బయటికి వెళ్లిన మీవాళ్లంతా క్షేమంగా గడప తొక్కాలి.