బెల్లం పెనంలో వచ్చిన సంబంధం

మాది దీవి అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. బత్తలపల్లె పక్కన దీవేమిటి, ఎండకు మతి పోయిందా అంటారు. నవ్వనీ. పంతొమ్మిదొందల యాభైల చివర్లో ఒక ఏడాది మేము నిజంగానే దీవిలో కాపురమున్నాం.

పెద్ద చెరువు కడుపులో గుట్ట మీద గుప్పెడు ఇళ్లు, అదే మా పల్లె. చెరువు మధ్యలో ఇళ్లెవరు కట్టుకుంటారంటే, అది ఎప్పటికైనా నిండుతుందని నమ్మనివాళ్లు కట్టుకుంటారు. మా తాతలు అలాంటి ఘనులే. ఆ ఏడాది తుపాను పట్టి, చెరువు నిండి, కట్ట చివర మరువ మీంచి నీళ్లు పొర్లి దూకాయి. తెల్లారి చూస్తే చుట్టూ నీళ్లు, మధ్యలో మేము, మా మేకలు.

ఇక జనం రాక చూడాలి. ధర్మవరం నుంచీ, అనంతపురం నుంచీ చిత్రాన్నం మూటలు కట్టుకుని చెరువు కట్ట మీద దిగేవాళ్లు. ఉత్త నీళ్లను చూడ్డానికే! కాసేపు చూశాక దీవి మీదికీ రావాలనిపించేది. మాకు పడవెక్కడిది? పొరుగింటి సాహెబు దగ్గర చెరకు గానుగలకు బాడుగకిచ్చే, బెల్లం వండే పెద్ద పెనం ఉండేది. అదే మా పడవ, వెదురు గడ పట్టుకుని దాన్ని నడిపేవాణ్ణి నేను. ఎంత తోమినా దాని జిగట వదిలేది కాదు. వచ్చినవాళ్లు దిగి నడుస్తుంటే వాళ్ల పంచెల వెంట చీమలు బయల్దేరేవి.

"మొసళ్లు ఉన్నాయా ఇందులో?" అని ఒక పట్నం పెద్దమనిషి పెనం అంచు గట్టిగా పట్టుకుని అడిగాడు.

"ఉండాయి సార్. ఐతారం పూట బయటికి రావు" అన్నాడు సాహెబు.

ఇంకొకావిడ మా అరుగు మీద కూర్చుని, ఎంత పుణ్యం చేసుకున్నారో మీరు అంది. ఆ చెరువు తనే తవ్వించినట్టు మా అమ్మ తలొంచుకుని మురిసిపోయింది.

అమ్మ మురిపెం వెనక వేరే సంగతి ఉంది. నాకు ఇరవై ఆరేళ్లొచ్చినా పిల్లనిచ్చేవాడు దొరకలేదు. మామూలు రోజుల్లో మా ఆడవాళ్లు గుట్ట దిగి, ఎండిన చెరువంతా దాటి, పక్క ఊరి బావి నుంచి నీళ్లు మోసుకురావాలి. అది తెలిసి ఏ తండ్రీ మా గడప తొక్కలేదు. నాకు నచ్చిన పిల్ల ఒకతి సోమందేపల్లె దగ్గర ఉంది. ఆమె అక్క అత్తగారింట నీళ్లు మోసి మోసి నడుం పడిపోయిందట. చిన్నదాన్ని నీళ్లున్న ఊరికే ఇస్తానని వాళ్ల నాయన పట్టుబట్టాడు. ఇప్పుడైతే ఏం భయం? మా ఇంటి చుట్టూ నీళ్లేనని అమ్మ కబురు పంపింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పెనంలో నేనే తీసుకొచ్చాను. దారి పొడుగునా నీళ్లలో చెయ్యి ముంచి ఆడించాడు. నాకు పెళ్లయిపోయినట్టే అనిపించింది.

గడప దగ్గర అమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. ఆయన నిండు చెంబు ఒక పాదం మీదే ధారగా కుమ్మరించుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ ప్రాణం ఒప్పుకోలేదు.

"అయ్యో, చాలు చాలప్పా! అట్ల పారబోస్తారా?" అని చెంబు పట్టేసుకుంది.

చుట్టూ కంటికి ఆనినంత మేర నీళ్లు. ఆమె చేతిలో సగం చెంబు. ఆయన అమ్మను చూశాడు, చెరువును చూశాడు, నన్ను చూశాడు.

"ఏమప్పా, ఈ చెరువు ఎన్నేండ్లకొకసారి నిండుతాది?"

అమ్మ నాకు కళ్లతో సైగలు చేస్తూనే ఉంది. నావల్ల కాలేదు. "నేను పుట్టినాంక ఇదే మొదలు" అన్నాను.

ఆయన భోజనం చేశాడు. తిరిగి పెనంలో కూర్చున్నాక, సగం దూరంలో అడిగాడు.

"నీళ్లు పోయినాంక మోసేదెవరు?"

"నేనే మోస్తా."

"మగోడివి. ఊరు నిన్ను చూసి నగదా?"

"నగనీ. మీ బిడ్డ నెత్తిన బిందె పెట్టనీను."

పెనం కట్టకు చేరింది. ఆయన దిగి, వెనక చీమలు దులుపుకుని, "మాఘంలో పెట్టుకుందాం" అన్నాడు.

ఎండలు ముదిరేసరికి చెరువు అడుగంటింది. చూసేవాళ్లు రావడం మానేశారు. వాళ్లు లేని లోటు నేనే తీర్చాను. కావడి భుజానేసుకుని బావికి పోతుంటే ఏడూళ్ల ఆడవాళ్లు నిలబడి మరీ చూసేవాళ్లు. సిగ్గుతో చచ్చేవాణ్ణి, అయినా మోశాను. రెండో ఎండాకాలం భుజం వాచి చెయ్యి లేవలేదు. నేను మూలుగుతూ పడుకుంటే, మా ఆవిడ ఎవరికీ చెప్పకుండా బిందె తీసుకుని బయల్దేరింది. వద్దన్నాను, మీ నాయనకు మాటిచ్చానని బతిమాలాను.

"మాటిచ్చింది నువ్వు, నేను గాదు" అని పోయింది.

భుజం నయమయ్యాక కూడా ఆమె మానలేదు. ఇద్దరం కలిసే పోయేవాళ్లం. వాళ్ల నాయన వస్తున్నాడని తెలిస్తే మాత్రం బిందెలన్నీ సాహెబు ఇంట్లో దాచేసి, నా భుజాన కావడి పెట్టి తరిమేది. ఆయన కళ్లనిండా నన్ను చూసుకుని, ఊరికి పోయి, మాట తప్పని అల్లుడు దొరికాడని పదిమందికీ చెప్పుకునేవాడు. పోయేదాకా అలాగే చెప్పాడు. ఆ మంచి పేరు మా ఆవిడ నెత్తిన మోసి తెచ్చిందని ఆయనకు నన్ను చెప్పనివ్వలేదు ఆమె.