పసుపుకొమ్ము కట్టిన రైఫిల్

మా పక్కింటి బిందుమాధవి గారు రైఫిల్ కొన్నారని తెలిసిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, దాన్ని ఎక్కడ పెడతారని. మా సాన్వికి నాలుగేళ్ళు. స్కూలు నుంచి వచ్చాక సగం సాయంత్రాలు ఆవిడ ఇంట్లోనే ఆడుకుంటుంది. ఆవిడ నవ్వలేదు, నొచ్చుకోలేదు. గ్యారేజ్‌లో గోడకు బోల్టులతో బిగించిన ఇనుప బీరువా చూపించి, తలుపు లాగి చూడమన్నారు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉన్నాయి. అప్పుడు అడిగాను, అసలెందుకు కొన్నారని.

"చక్రపాణి కోసం" అన్నారు. నా మొహం చూసి, "కాల్చడానికి కాదు తల్లీ, ఓడించడానికి" అన్నారు.

అమెరికాలో మేముండే ప్లేనోలో, మా తెలుగువాళ్ళలో చక్రపాణి గారిని ఎరగనివాళ్ళు తక్కువ. బిందక్క చాలా ఏళ్ళు ఆయన టీమ్‌లో పనిచేసింది. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళకముందే అందులోని తప్పుల్ని దానంతట అదే పట్టుకునే టెస్టింగ్ సిస్టమ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా తనే కట్టింది. అత్తగారికి డయాలసిస్ జరుగుతుంటే ఆసుపత్రి కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రాసిందట. దాన్ని కంపెనీ వార్షిక సమావేశంలో చక్రపాణి గారు తన ఆలోచనగా చూపించి గాజు జ్ఞాపిక అందుకున్నారు. ఆ మరుసటి ఏడాది లేఆఫ్‌లు వచ్చాయి. టీమ్‌లో పోయిన మొదటి పేరు ఆవిడదే.

ఆవిడ మనసు కాల్చింది అది కాదు. కొత్త ఉద్యోగం కొన్ని నెలల్లోనే దొరికింది. కానీ ఆలోపు ఎవరు అడిగినా చక్రపాణి గారు ఒకటే చెప్పారు: "బిందు మంచి అమ్మాయి. చెప్పింది చేస్తుంది. కాన్సెప్ట్ ఉండదు, అంతే." ఆ మాట ఊరంతా తిరిగి తిరిగి ఒక పుట్టినరోజు పార్టీలో, కేక్ ప్లేటుతో సహా, ఓదార్పుగా ఆవిడ చేతికే వచ్చింది. ఆ మాటను ఆయన నోటితోనే, అందరి ముందూ వెనక్కి తీయించాలన్నది బిందక్క పంతం.

రైఫిల్‌తో దూరపు గురి చక్రపాణి గారి వారాంతపు గొప్ప. ఇంటికొక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా వెయ్యి గజాల కబుర్లే. అందుకే ఆవిడ అదే ఎంచుకుంది.

"చీర కొంటుందనుకున్నా. గిదేందో కొన్నది" అన్నాడు వాళ్ళాయన దివాకర్ మాతో. కానీ ప్రతి శనివారం పొద్దున్నే లేచి ఆవిడకి ఫ్లాస్క్‌లో టీ పోసి ఇచ్చేవాడు.

ఆవిడ నేర్చుకున్న పద్ధతి నాకు నచ్చింది. గ్యారేజ్ గోడకు స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి, ఖాళీ రైఫిల్‌తో బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ నొక్కేది. నొక్కినప్పుడు స్కోప్‌లో, అంటే రైఫిల్ మీది దుర్భిణిలో, బొట్టు కదిలితే మళ్ళీ. ఆపైన షూటింగ్ రేంజ్‌లో వంద గజాలు, మూడు వందలు, ఆరు వందలు. నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఒకసారికి ఒక్క విషయమే మార్చాలని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకీ అక్కర్లేదు. గాలిని స్కోప్‌లోంచే చదివేది. నేల మీద ఎండమావులు ఎటు పారుతుంటే గాలి అటు.

"గురి చూస్తుంటే ఆయన మొహం గుర్తురాదా?" అని అడిగాను ఒకసారి.

"వస్తుంది. అందుకే చెయ్యి వణకదు."

దసరాకి ఆయుధపూజ చక్రపాణి గారింట్లోనే. శుక్రవారం సాయంత్రం హాల్లో దుప్పటి పరిచి కార్ల తాళాలు, ల్యాప్‌టాప్‌లు, పిల్లల లెక్కల పుస్తకాలు పెట్టారు. ఒక పక్కన పేలకుండా బోల్ట్ తీసేసిన రైఫిళ్ళు. తీశారో లేదో నేను ఒక్కోటీ వంగి చూశాను. చక్రపాణి గారిదీ కొత్తదే. పోయిన ఆదివారమే రేంజ్‌కి తీసుకెళ్ళి గురి సరిచేసుకొచ్చానని చెప్పారు.

ఆయన భార్య ఉమామహేశ్వరి గారు గంధం గిన్నెతో వచ్చి స్కోప్ మీదికి వేలు పోనిచ్చారు.

"అద్దం మీద వద్దే! నలభై సార్లు తుడిచాను!"

"సరే, కర్ర మీద పెడతాను, అరవకండి" అని ఆవిడ బొట్టు పెట్టి, పసుపుకొమ్ము కట్టిన దారం తీసి, వ్రతంలో కలశానికి చుట్టినట్టు, బ్యారెల్ గొట్టాన్నీ కింది కర్రనీ కలిపి బిగించి కట్టారు.

బిందక్క చూపు ఆ ముడి మీద ఆగింది. ఆ రకం రైఫిల్‌లో బ్యారెల్ కింది కర్రకు తగలకూడదు. మధ్యలో కాగితం దూరేంత సందు ఉంటుంది. కాల్చినప్పుడు బ్యారెల్ సన్నగా కంపిస్తుంది, ప్రతిసారీ ఒకేలా కంపిస్తేనే గురి నిలుస్తుంది. ఇప్పుడా సందు మీద పసుపుకొమ్ము బ్యారెల్‌నీ కర్రనీ కలిపి నొక్కుతోంది. ఇక్కడ వెంట్రుకంత తేడా వస్తే వెయ్యి గజాల దగ్గర మూర కన్నా ఎక్కువ.

"ఉమక్కా, నాది సంచి పిడికి కట్టండి, చాలు" అంది బిందక్క. ఇంకేమీ అనలేదు.

"నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నారు చక్రపాణి గారు లడ్డు కొరుకుతూ. "ఇది వట్టి నొక్కుడు కాదు. గాలి, తేమ, ఎత్తు... కాన్సెప్ట్ కావాలి."

హాల్లో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆ మాట సంగతి అందరికీ తెలుసు.

"రేపు రేంజ్‌లో వెయ్యి గజాలకి చెరి అయిదు తూటాలు" అంది బిందక్క. "మీకన్నా ఒక్కటి ఎక్కువ కొడితే, ఆ టెస్టింగ్ సిస్టమ్ ఎవరు కట్టారో అక్కడే అందరి ముందూ చెప్తారా?"

"ఓడిపోతే?"

"నాకు కాన్సెప్ట్ లేదని నేనే చెప్తా. మైక్ పెట్టి మరీ."

"డన్!" అన్నారాయన, నవ్వుతూ.

శనివారం రేంజ్‌లో నేను సాన్విని కాల్చే వరసకి బాగా వెనక షెడ్డులో కూర్చోబెట్టి, మోత తగలకుండా చెవులకి మఫ్స్ పెట్టి, సరిగ్గా ఉన్నాయా అని పదేపదే సవరిస్తూ ఉన్నాను. వెయ్యి గజాల అవతల తెల్లరంగు వేసిన ఇనుప పలక బియ్యపు గింజలా కనిపిస్తోంది.

చక్రపాణి గారు ముందు. మొదటి తూటాకి పలకకి ఎడమన మట్టి లేచింది. ఆయన స్కోప్ మీది చక్రం తిప్పారు. రెండోది పైకి పోయింది. మళ్ళీ తిప్పారు. మూడోది కుడికి. ప్రతి తూటా అదురుకీ దారం కొంచెం సడలుతోంది, ఏ రెండూ ఒకచోట పడలేదు. అయిదూ పోయాయి.

"డిఫెక్ట్ పీస్ అన్నా ఇది" అన్నాడు ఆయన స్నేహితుడు అనూప్. "ఆదివారం బాగానే కొట్టావ్ కదా."

"అదే కదా! రిటర్న్ ఇచ్చేస్తా. ఇవాళ్టిది లెక్కలోకి రాదు."

అందరూ అయ్యో అన్నారు. బిందక్క లేచి నిలబడింది. ఇప్పుడు ఒక్కటి కొట్టినా ఆవిడదే గెలుపని నేను అనుకుంటున్నాను. ఆవిడ రేంజ్ ఆఫీసర్‌ని అడిగి వరసంతా కాల్పులు ఆపించింది. రైఫిళ్ళన్నీ ఖాళీ చేశాక చక్రపాణి గారి దగ్గరికి వెళ్ళింది.

"రైఫిల్ బాగానే ఉంది. ఆ పసుపుకొమ్ము తీయండి. స్కోప్ మొదట ఎక్కడుందో అక్కడికి తిప్పండి. మళ్ళీ అయిదు కొట్టండి."

"పూజ తాడు తీయమంటావా?"

"బ్యారెల్‌ని నొక్కుతోంది. నిన్నే చూశాను. సంతోషంగా నోరు మూసుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"మీకు ఒక్క సాకు కూడా మిగలకూడదు."

ఆయన ఏదో అనబోయారు. ఉమామహేశ్వరి గారు వచ్చి, "నేనే కట్టాను, నేనే విప్పుతాను" అని గోటితో ముడి లాగి, కొమ్ముని కళ్ళకద్దుకుని కొంగున కట్టుకున్నారు.

ఆయన మళ్ళీ పడుకున్నారు. ఈసారి మూడు పలకకి తగిలి మోగాయి. లేచినప్పుడు మొహం వెలిగిపోతోంది. "చూశారా! అంటే నా గురి కరెక్టే!"

"కరెక్టే" అంది బిందక్క. తన చాప మీద బోర్లా పడుకుంది.

ఆవిడకి నాలుగు కావాలి. అంత దూరానికి తూటా చేరడానికి సెకనున్నర, మోత తిరిగి రావడానికి దాదాపు మూడు. ఆ మధ్యలో ఎవరూ ఏమీ చేయలేరు. మొదటిది మోగింది. రెండోదీ మోగింది. గాలి తిరిగింది. గడ్డి ఇటు వంగుతుంటే దూరాన ఎండమావులు అటు పారుతున్నాయి. ఆవిడ గడ్డిని నమ్మింది. మూడోది మట్టిలో పడింది.

దివాకర్ ఫ్లాస్క్ మూత తిప్పడం ఆపేశాడు. బిందక్క చెంప కర్ర మీంచి తీయలేదు. ఈసారి ఎండమావులనే చూస్తూ చాలాసేపు ఆగింది. నాలుగోది కాల్చింది. మోగింది. అయిదోదానికి ముందు ఊపిరి సగం వదలడం నాకు కనిపించింది. ట్రిగ్గర్ నొక్కింది. సాన్వి చెవి మఫ్స్ మీద నా చేతులు బిగుసుకున్నాయి.

దూరాన గంట కొట్టినట్టు చిన్న మోత.

"సరే సరే, గుడ్ షూటింగ్" అన్నారు చక్రపాణి గారు. "అది అసలు టీమ్ ఎఫర్ట్, బిందు కూడా చాలా కాంట్రిబ్యూట్..."

"తెలుగులో చెప్పండి. పూర్తి వాక్యం."

ఆయన చుట్టూ చూశారు. కారణం చెప్పుకోవడానికి గాలి లేదు, రైఫిల్ లేదు, తాడు లేదు. "ఆ సిస్టమ్ బిందు కట్టింది" అన్నారు, నేల చూస్తూ.

"కాన్సెప్ట్?"

"...ఆవిడదే."

ఉమామహేశ్వరి గారు పులిహోర గిన్నె మూత పట్టుకుని అలాగే నిలబడ్డారు. "ఏమండీ, హాల్లో ఆ గాజుది... నిన్న కూడా బొట్టు పెట్టాను. అది ఆ పనికి ఇచ్చిందేనా?"

ఆయన రైఫిల్‌ని సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. బిందక్క ఖాళీ తూటా గుల్లలు ఏరుకుని సంచిలో వేసుకుంది. చేతులకి సీసం అంటి ఉంటుంది, సబ్బుతో కడుక్కోకుండా తినొద్దని నేను వెంటపడ్డాను. కడుక్కుని వచ్చి రెండుసార్లు వడ్డించుకుని తింది.

"క్షమించేశారా ఇక?" అని అడిగాను కార్లో.

"ఎందుకు క్షమించాలి? అడిగాడా?"

దీపావళికి అందరం మళ్ళీ చక్రపాణి గారింటికి వెళ్ళాం. బిందక్క గుమ్మంలో చెప్పులు విప్పుతూనే హాల్లో అలమర వైపు చూసింది. గాజు జ్ఞాపిక లేదు. అది ఉన్నచోట దుమ్ము పట్టని నలుచదరం ఒకటి మిగిలింది. ఉమామహేశ్వరి గారు దాని చుట్టూ దుమ్ముని తుడవలేదు.

బిందక్క కావలసినంతసేపు చూసుకుని, అప్పుడు లోపలికి వచ్చి, "ఉమక్కా, ఏం స్వీట్ చేశారు?" అంది.