గుర్రపుడెక్కతో మొదలెట్టండి

ఆరేళ్ళ పాటు ఒక మాటను గొంతులో అడ్డం పెట్టుకుని తిరిగాను. మింగలేక, కక్కలేక. నిన్న మీరు పంపిన మెసేజి దాన్ని కదిపింది.

మీరెవరో నాకు తెలియదు. తుని నుంచి అని మాత్రం రాశారు. ‘మూసిన లాకులు’ బ్యాండు పాట ఒకటి విన్నారట, మతి పోయిందట, ఏడు ఆల్బమ్‌లున్నాయని తెలిసిందట, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు పూనకం వచ్చేస్తుంది. అన్నం ముందు పెట్టుకుని కూడా గంటసేపు చెబుతాను. నిన్నా అలాగే టైపు చెయ్యడం మొదలుపెట్టాను. నాలుగు లైన్లు రాశాక చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఇదే ప్రశ్న ఒకసారి ఇంకొకరు అడిగారు. వాళ్ళకి నేను అబద్ధం చెప్పాను.

నా పేరు రాయను. రాయకపోయినా, ఆరో ఆల్బమ్ మీద పేర్లు చూస్తే గిటారు వాయించింది ఎవరో మీకు తెలిసిపోతుంది. సరే, తెలియనివ్వండి.

ముందు బ్యాండు గురించి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను కూడా. బ్యాండు పెట్టి పాటలు పాడే మా పెద్దాయన సత్తిబాబు గారు కాలవ లాకుల దగ్గర లస్కరు, అంటే తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. ఏడాదంతా నీళ్ళతోనే సరిపోతుంది. ఎండాకాలంలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు చూడండి, ఆ కొన్ని వారాలే ఆయనకు తీరిక. అందుకని ఆల్బమ్‌లన్నీ ఆ వారాల్లోనే తయారయ్యాయి. కాలవలోకి నీళ్ళు వదిలారంటే రికార్డింగు ఆగిపోవాల్సిందే, పాట సగంలో ఉన్నా సరే! రెండో ఆల్బమ్‌లో డ్రమ్ములు లేవు. వాటి బదులు పొలంలో నీళ్ళు తోడే డీజిల్ ఇంజను పెట్టారు. ఇరవై నిమిషాల పాట. మధ్యలో ఇంజనులో నూనె అయిపోయి అది ఆగిపోయింది, పాట కూడా అక్కడే ఆగిపోయింది, అలాగే విడుదల చేశారు. మూడో ఆల్బమ్‌లో ఏరు దాటించే పంటు మీదకు ఎక్కించే సామాన్ల జాబితా పాడతారు. కొబ్బరికాయలు, మోటారు సైకిళ్ళు, ఒక పెళ్ళివారి బీరువా. ఆ బీరువా దగ్గర ప్రతిసారీ నాకు కళ్ళు చెమరుస్తాయి. ఎందుకని అడక్కండి.

ఇక ఐదోది. పేరు ‘గుర్రపుడెక్క’. కాలవల్ని కమ్మేసే ఆ కలుపు మొక్క పేరే. సత్తిబాబు గారు జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు, ఆయన ప్రాణస్నేహితుడైన డ్రమ్ములాయన టేపులు పట్టుకుపోయాడు. సత్తిబాబు గారి గొంతు మొత్తం తీసేసి, తన గొంతు పెట్టి, బ్యాండు పేరుతోనే వదిలేశాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు. సత్తిబాబు గారి ముందు ఆ ఆల్బమ్ పేరెత్తడమంటే ఆయన్ని కొట్టినట్టే. ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. ఏళ్ళ తరబడి ఆయన రేకుల షెడ్డు చుట్టూ తిరిగిన మాబోటి వాళ్ళకే తెలుసు.

నేను పదేళ్ళు తిరిగాను. పేరుకి లెక్కల మాస్టారిని, బుర్రంతా ఆ షెడ్డులోనే. ఆ వేసవిలో బ్యాండులో ఒక చోటు ఖాళీ అయింది. ఒక్కటే చోటు, దాని మీదే నా కళ్ళు. గిటారైనా సరే, కీబోర్డైనా సరే, మనిషి నచ్చాలి. వాళ్ళకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళని ఏం వచ్చు అని అడగరు. మా ఆల్బమ్‌లలో ఒకటి ఎంచుకుని అందులోంచి ఒక పాట వాయించు అంటారు. ఎక్కడ మొదలుపెట్టాడో చూసి మనిషిని తేల్చేస్తారు.

మా స్కూల్లో రూతు గారని సైన్సు టీచరు. లూథరన్ చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయించేవారు. ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో నా ఫోన్‌లో ‘ఎదురుగాలి’ విని, చేతిలో ఉన్న క్యారేజీ గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయారు. అది నాలుగో ఆల్బమ్. మర్నాడు పొద్దున చర్చి కీబోర్డు మీద ఆ పాట వాయించి, రికార్డు చేసి నాకు పంపారు. నేను ఆరు నెలలు కుస్తీ పట్టిన పాట అది. ఆమెకు ఒక సాయంత్రం పట్టింది. అదీ, నేను ఎన్నడూ గమనించని ఒక మలుపు పట్టుకుని. ఎంత బాగుందో! వింటూ గాల్లో తేలిపోయాను. ఆ వెంటనే, ఇది నాకెందుకు రాలేదని మండిపోయాను. రెండూ ఒకే క్షణంలో ఎలా జరుగుతాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఖాళీ సంగతి ఆమె మంగళవారం బ్యాండు పేజీలో చూసి నాకు చూపించారు. గురువారం ఇంటర్వెల్లో నా దగ్గరకొచ్చారు.

“మాస్టారూ, ఐదు ఆల్బమ్‌లున్నాయంటండి. శనివారం మీతోపాటు నేనూ వాళ్ళ దగ్గరికొద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలెట్టమంటారు?”

“గుర్రపుడెక్కతో మొదలెట్టండి.”

“అదేం పేరండీ బాబూ!”

“పేరు చూడకండి. సత్తిబాబు గారికి ప్రాణమండి అదంటే.”

“అలాగేనండి. మీరు చెప్పారంటే ఇంక చూసుకోక్కర్లేదు.”

అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. బెల్లు కొట్టారు. నేను తొమ్మిదో తరగతికి వెళ్ళి త్రిభుజాలు చెప్పాను.

అనుకోకుండా నోరు జారిందా? ఇన్నాళ్ళూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆమె అడగడానికి ముందే, బుధవారం రోజంతా, ఆమె అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ‘ప్రాణం’ అన్న మాట కూడా ముందే ఏరి పెట్టుకున్నదే. నా చోటు పోతుందని భయపడ్డానా? లేక పదేళ్ళు తిరిగి నేను సంపాదించుకున్నది ఆమెకు వారంలో ఊరికే వచ్చేసిందని కుళ్ళుకున్నానా? భయమైతే కొంత నయం అనిపిస్తుంది. కుళ్ళే.

శనివారం ఇద్దరం వెళ్ళాం. రామచంద్రపురం దాటాక కాలవ గట్టు మీద ఆ రేకుల షెడ్డు. ఎండిపోయిన కాలవలో గేదెలు నిలబడి ఉన్నాయి. వాయించడానికి ఇంకా కొందరొచ్చారు, ఎవరితో ఎవరొచ్చారని అక్కడ ఎవరూ అడగలేదు. ముందు నేను రెండో ఆల్బమ్ ఎంచుకుని, ఇంజను పాట వాయించాను. సత్తిబాబు గారు తల ఊపారు. తరవాత ఆమె కీబోర్డు ముందు కూర్చుని, నవ్వుతూ, ‘గుర్రపుడెక్క’లో మొదటి పాట ఎత్తుకున్నారు.

ఎలా చెప్పను మీకు? ఆ పాట అసలు ఎలా ఉండాలో ఆరోజే విన్నాను. సత్తిబాబు గారి గొంతు తీసేసిన చోట ఆల్బమ్‌లో ఒక బోసితనం ఉంటుంది. ఆ కథేదీ తెలియకుండానే ఆమె సరిగ్గా ఆ చోట్లలో ఎడమ చేత్తో ఒక వరస అల్లుకుంటూ వచ్చారు. ఏం చేస్తున్నానో మరిచిపోయి కాలితో తాళం కూడా వేశాను! పాట సగంలో ఉండగా సత్తిబాబు గారు లేచి, ఇక చాలని చేత్తో సైగ చేసి, బయటికి వెళ్ళిపోయారు. మళ్ళీ లోపలికి రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె తన వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పక్క సీటే.

వారం తరవాత నాకు కబురొచ్చింది. వెళ్ళాను. మొదటిరోజే సత్తిబాబు గారు, ఆ అమ్మాయి చెయ్యి అద్భుతమని, కానీ తనను ఏడిపించడానికి ఆ డ్రమ్ములాయనే ఆమెను పంపి ఉంటాడని అన్నారు. నేను పంపానని చెప్పి ఉంటే సరిపోయేది. గిటారు తీగలు బిగించుకుంటూ కూర్చున్నాను. మొదటి తప్పు కుళ్ళుతో చేశానంటే, ఈ రెండోది తీరిగ్గా కూర్చుని చేశాను.

ఆమె ఆ నెలలోనే చర్చిలో కీబోర్డు మానేశారు. పాస్టరు గారు అడిగితే చేతకావడం లేదన్నారట. ఆరేళ్ళుగా మా టేబుళ్ళు పక్కపక్కనే. స్కూలుకి ఎవరొచ్చినా, మా మాస్టారు బ్యాండులో వాయిస్తారండి అని గొప్పగా పరిచయం చేస్తారు. అది విన్నప్పుడల్లా నేను నేలలోకి కూరుకుపోతాను.

అయినా చూడండి నా సిగ్గులేనితనం. ఈ ఆరేళ్ళూ ఆ షెడ్డులో నేను పొందిన ఆనందం అంతా ఇంతా కాదు. లేదంటే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

మీ ప్రశ్నకు జవాబు: ‘ఎదురుగాలి’తో మొదలుపెట్టండి. నాలుగోది. రేపే వినండి, ఇవాళైతే మరీ మంచిది! తరవాత రెండోది, ఇంజను ఆగిపోయే దాకా ఓపిక పట్టండి. మూడోది బస్సులో వినండి. ఐదోదీ వినండి, కానీ చివర్న. ఒకటి, ఆరు, ఏడు మీ ఇష్టం.

నిన్న మీకు జవాబు రాయలేక, ఇవాళ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు రూతు గారికి మొత్తం చెప్పేశాను. బుధవారం సంగతితో సహా. ఆమె పేపర్లు దిద్దుతున్న ఎర్ర పెన్నుకి మూత పెట్టి విన్నారు. కోప్పడలేదు. ఒక్కటే అడిగారు.

“అయితే ఆరోజు నేను బాగానే వాయించానా అండీ?”

బాగా వాయించారని, అక్కడ ఉన్న మా అందరికన్నా బాగా వాయించారని చెప్పాను. ఆమె మరోసారి నా మొహంలోకి చూశారు. పేపర్లు సర్దుకుని, ఇంకా బెల్లు కొట్టకుండానే క్లాసుకి వెళ్ళిపోయారు. క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కడుపునిండా తిన్నాను. అలా తిని చాలా కాలమైంది. ఆమె ఇవాళ తిన్నారో లేదో నాకు తెలియదు.