తలాపు వరుస

ఆ రోజుల్లో మా ఇంట్లో పాత చీరకు చావనేది ఉండేది కాదు. కొత్తగా ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు, రంగు తగ్గినాక బజారుకు, ఇంకా తగ్గినాక వంటింటికి పోయి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినాక మా అవ్వ చేతిలో పడేది. అవ్వ దాన్ని ముక్కలు చేసి బొంత కుట్టిందంటే ఆ చీర ఇంకో ఇరవై ఏళ్ళు బతికేది. చీరల మీద చూపించిన ఆ ఓపికలో పావు వంతు మనుషుల మీద చూపించి ఉంటే నేనివాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నాకు జరిగిన అవమానాలు ఒక్కటీ మరిచిపోనని మా వాళ్ళు అంటారు. అది అబద్ధం. రెండు మూడు మరిచిపోయాను. (అవేవో గుర్తుంటే ఇక్కడే చెప్పేదాన్ని.) తలాపు వరుస సంగతి మాత్రం మరిచిపోయేంత చిన్నది కాదు.

అప్పటికి నాకు పదహారేళ్ళు. తొంభైల నాటి మాట. మేముండేది పెనుకొండలో. మా అక్కను ధర్మవరంలో ఇచ్చారు, బావ వాళ్ళది మగ్గాల ఇల్లు. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చిన వారంలోనే అవ్వ అటక మీది గుడ్డల మూట దించింది. అవ్వంటే నాయన వాళ్ళమ్మ. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టడం ఆమె సొంత శాఖ. ఆమె చెప్పకుండా అందులో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అక్క పెళ్ళికార్డు అట్టనే నలుచదరంగా కోసి, మళ్ళీ మూల నుండి మూలకు కోసి ఒక మూడు మూలల అచ్చు చేసుకుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీసి, కత్తిరించడం. రంగుది ఒకటి, తెలుపుది ఒకటి కలిపి కుడితే ఒక చదరం. చదరాలన్నీ కలిపితే ఒక వరుస. వరుసలన్నీ కలిపి, కింద మెత్తటి పాత చీరలు మడతలేసి, అంచు నుండి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ సన్నకుట్టుతో నడిమికి వస్తే బొంత. పసిబిడ్డ బొంతలో కొత్త గుడ్డ పడకూడదు. ఏ ముక్కనైనా అవ్వ ముందు తన చెంపకు రాసుకుని చూసేది. చెంప ఒప్పుకుంటే లోపలికి, లేకుంటే మసిగుడ్డల్లోకి. ఈ పరీక్షకు అప్పీలు లేదు.

బిడ్డ తల పెట్టే వైపు వరుసను తలాపు వరుస అనేవాళ్ళం. అది ఎప్పుడూ అవ్వే కుట్టేది. అలాంటిది ఆ రోజు సూదిలో దారం ఎక్కించబోయి మూడు సార్లు తప్పి, నా వైపు చూసి, "పాపా, ఈ తూరి తలాపు వరుస నువ్వు కుట్టు. పెద్దదానివైనావు గదా" అంది. వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. "ఏమత్తా, నేనీ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లాయె. నాకు కాళ్ళ దిక్కు వరుస దాటి ఇయ్యకపోతివి. దానికి తలాపుదే ఇస్తాండావే?" అంది. "నీ కుట్టు చూసినాను లేమ్మా" అంది అవ్వ. (ఇలాంటి మాటల్ని అమ్మ రెండో రోజుకే మరిచిపోయేది. ఆ గుణం నాకు రాలేదు.) నాకు మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్క బిడ్డ పుట్టగానే తల పెట్టేది నా కుట్టు మీద. రేపు ఊళ్ళో వాళ్ళంతా చూడ్డానికొస్తే, "తలాపు వరుస ఎవురు కుట్టినారు?" అని అడుగుతారు. నేను తల వంచుకుని ఏమీ ఎరగనట్టు నిలబడాలి. ఎలా నిలబడాలో అద్దం ముందు రెండు సార్లు చేసి చూసుకున్నాను కూడా.

అంతటి వరుసను అంగడిలో దొరికే మామూలు నూలు దారంతో కుట్టడానికి నాకు మనసొప్పలేదు. బావ అక్కను చూడ్డానికి మోపెడ్ మీద వచ్చినప్పుడు, మగ్గం మీద మిగిలిన పట్టు పోగులు కావాలని అడిగాను. మరుసటి వారం వంకాయ రంగు పోగుల చుట్ట ఒకటి తెచ్చిచ్చాడు. "ఏం మరదలా, బొంతకు పట్టు దారమా! మీ అవ్వకు చెప్పినావా?" అన్నాడు. చెప్పలేదు. అందరూ చూసి ఆశ్చర్యపోవాలని నా ఉద్దేశం. ఆశ్చర్యపోయారు కూడా, ఆ సంగతికి వస్తాను. పట్టు పోగు సూదిలో ఎంత అందంగా నడుస్తుందో, పాత నూలు గుడ్డలో నుండి అంతే అందంగా జారిపోతుంది. పొద్దున కుట్టింది మధ్యాహ్నానికి వదులై వేలాడేది. మూడు రోజులు తిప్పలు పడి ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రతి ముక్క మొదట్లో ఒక ముడి, చివర్లో ఒక ముడి. అది కూడా ఉత్త ముడి కాదు, మూడు చుట్లు తిప్పి బిగించిన ముడి. ఇరవై నాలుగు ముక్కలకు నలభై ఎనిమిది ముడులు. ఏనుగుతో లాగించినా వరుస ఊడేది కాదు.

వరుస పూర్తయిన రోజు తీసుకుపోయి అవ్వ ఒడిలో పెట్టాను. అక్క, అమ్మ, ఎదురింటి ఆమె అందరూ వసారాలోనే ఉన్నారు. (ఎదురింటామె చక్కెర కోసం వచ్చి అప్పటికి గంటయింది.) అవ్వ వరుసను ఎత్తి చెంపకు రాసుకుంది. వెంటనే తీసేసింది. రెండో చెంపకు రాసుకుంది. అదీ తీసేసి, కళ్ళద్దాలు సవరించుకుంది.

"ఏందే పాపా ఇది? జొన్నలు గానీ చల్లినావా?"

"ముడులవ్వా. పట్టు దారం గదా, జారకుండా ఏసినాను."

"బిడ్డ కింద పరిచేదానికి ముడులేస్తారా ఎవురైనా? గోనె సంచి మూతి కట్టినట్ల ఉండాది. పుట్టినోడు అరగంటకే లేచి ఏడ్చుకుంటా వాళ్ళ నాయన దగ్గరికి పోతాడు."

అక్క నవ్వింది. తొమ్మిదో నెల కడుపు పట్టుకుని మరీ నవ్వింది. ఎదురింటామె చక్కెర గిన్నె పక్కన పెట్టి నవ్వింది. "కావాలంటే ముడులన్నీ విప్పి మళ్ళీ కుడతాను" అన్నాను. "ఈ ముడులు విప్పల్లంటే బిడ్డకు మీసాలొస్తాయి. ఆడ పెట్టి పో, నేను చూసుకుంటాలే" అంది అవ్వ. అలా నా తలాపు వరుస పోయింది. అవ్వ కొత్తగా ముక్కలు కోసి ఆ వరుసను తనే కుట్టుకుంది.

నేను అవ్వతో మాటలు మానేశాను. ఊరికే మానేయలేదు, అందరికీ తెలిసేలా మానేశాను. వసారాలో అవ్వ చాప మీద కూర్చుని బొంత కుడుతుంటే, నేను సరిగ్గా ఆమె ఎదురుగా, ఆమె వైపు వీపు పెట్టి, గోడను చూస్తూ కూర్చునేదాన్ని. పంతొమ్మిది రోజులు కూర్చున్నాను. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులు లేచిందో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను. (నేను మాట్లాడ్డం లేదని అవ్వ గమనించినట్టు నాకు ఒక్క రుజువు కూడా దొరకలేదు.) గోడను చూస్తూ ఊరికే కూర్చోలేదు, పోటీ బొంత మొదలుపెట్టాను. నాయన ఉద్యోగం హిందూపురంలో, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆయనకు ప్యాంట్లు కుట్టే టైలరు దగ్గర మిగిలిన ముక్కలు ఒక సంచెడు తెప్పించుకున్నాను. అన్నీ ప్యాంటు గుడ్డలే, నలుపు, బూడిద, ముదురు గోధుమ. అవ్వది మూడు మూలలైతే నాది నాలుగు మూలలు. పూర్తయినాక దాన్ని దండెం మీద వేస్తే దండెం తెగింది.

అక్కకు కొడుకు పుట్టాడు. అవ్వ బొంత మీద వాడు మూడు గంటలు కదలకుండా నిద్రపోయాడు. నా బొంత మీద పడుకోబెడితే, ఆ నున్నటి గుడ్డ మీద మెల్లగా జారుతూ మంచం అంచు దాకా ప్రయాణం చేశాడు. అక్క పట్టుకుంది కాబట్టి సరిపోయింది. "ఏమే, నా కొడుకు మీదనా నీ కోపం?" అంది. బారసాల అయినాక బావ నా బొంతను తీసుకుపోయి, మోపెడ్ మీద చీరల మూటలకు చుట్టుకున్నాడు. "గట్టి సరుకు మరదలా, వాన చుక్క లోపలికి పోదు" అని మెచ్చుకున్నాడు కూడా. దాన్ని మెప్పు అని అనుకునేంత అమాయకురాలిని కాను.

ఆ తర్వాత ఏ పెళ్ళిలో కలిసినా, ఏ గృహప్రవేశంలో కలిసినా తలాపు వరుస సంగతి నేను ఎత్తకుండా లేచింది లేదు. ఆకుల ముందు కూర్చోగానే బావ, "అన్నంలోకి నెయ్యి వచ్చె, ఇంక తలాపు వరుస కూడా వస్తాది" అనేవాడు. నా పెళ్ళిలో కూడా చెప్పాను. (తాళి కట్టినాకే చెప్పాను, ముందు కాదు.) ఒకసారి అవ్వనే నిలదీశాను. అప్పటికి ఆమెకు పళ్ళు లేవు, చూపు కూడా సగమే. "అవ్వా, నిజం చెప్పు. నా వరుస యాడ పారేసినావు?" అన్నాను. అవ్వ బోసినోటితో చాలాసేపు నవ్వింది. "యాడ ఉండాల్నో ఆడనే ఉండాదిలేవే" అంది. మసిగుడ్డల్లో ఉందని అర్థం చేసుకున్నాను. ఆ మాటను కూడా నా ఫిర్యాదులో చేర్చుకున్నాను. ఇంకో రెండేళ్ళకు అవ్వ పోయింది.

రెండు వేలు దాటిన కొన్నేళ్ళకు నాకు నెలలు నిండాయి. ధర్మవరం నుండి అక్క ఒక సంచి పంపింది. విప్పితే ఆ పాత బొంతే. కొత్తది కుట్టివ్వడానికి ఆమెకు చేతులు రాలేదని చాలా బాధ పడ్డాను. పైగా తలాపు వైపు మూల ఎలుక కొరికి ఉంది. మా అమ్మ దగ్గర అక్కను తిట్టాల్సినంత తిట్టి, అతుకు వేద్దామని ఆ మూల కుట్టు విప్పాను. పై వరుస కింద, పాత చీర మడతల నడుమ, వంకాయ రంగు పోగు కనిపించింది.

ఇంకా విప్పాను. నా వరుస. ఇరవై నాలుగు ముక్కలు, నలభై ఎనిమిది ముడులు. అవ్వ ఒక్కటీ విప్పలేదు. ముడులున్న వైపును కిందికి తిప్పి, కింద మూడు మడతలు, పైన రెండు మడతలు వేసి, బిడ్డ తల సరిగ్గా ఆనే చోట పెట్టింది. నా పోగు జారిన చోటల్లా పక్కనే తెల్ల నూలు దారంతో, ముడి లేకుండా, తన సన్నకుట్టు వేసి పట్టి ఉంచింది. సూదిలో దారం ఎక్కించలేని కళ్ళతో అంత పని చేయాలంటే ఎన్ని రోజులు పట్టి ఉంటుంది? లెక్క నాకు తెలుసు. పంతొమ్మిది రోజులు. నాకు మూడడుగుల దూరంలో, వసారాలో, నా కళ్ళ ముందే జరగాల్సింది నా వీపు వెనుక జరిగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. గోడను చూశాను.

వరుసను ఎత్తి చెంపకు రాసుకున్నాను. అబ్బ! నిజంగానే జొన్నలు చల్లినట్టుంది.

మళ్ళీ ఎక్కడిది అక్కడే పెట్టి మూల కుట్టేశాను. ఈ సంగతి అక్కకు గానీ బావకు గానీ ఇంతవరకు చెప్పలేదు. చెబితే అన్నేళ్ళ ఫిర్యాదు ఏం కావాలి? మొన్నొక పెళ్ళిలో కూడా నెయ్యి వడ్డించగానే బావ నా వైపు చూశాడు, నేను మొదటి నుండి ఒక్క ముక్క తగ్గకుండా చెప్పాను. జొన్నల మాట వచ్చేసరికి మాత్రం నాకే ముందు నవ్వొచ్చింది. బావ తినడం ఆపి వింతగా చూశాడు.

మా పాప ఆ బొంత మీదే పెరిగింది. వసారాలో గోడకు ఎదురుగా మూతి బిగించుకుని కూర్చున్న ఆ పదహారేళ్ళ పిల్ల ఆ రోజుల్లో నాకు తరచూ గుర్తొచ్చేది. పాప నిద్రపోతున్నప్పుడు, దాని తల కింద మెల్లగా అరచేయి పెట్టి తడిమేదాన్ని, ఒక్క ముడైనా చేతికి తగులుతుందేమోనని. నాలుగు దిక్కులా వెతికేదాన్ని. ఒక్కటీ తగిలేది కాదు.