కారణం చెప్పనక్కర్లేదు

పోయిన వారం సిద్దిపేట దవాఖానలో ఎప్పటిలాగే మందుల కోసం బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కనున్న పిల్ల, నా కూతురి ఈడుదే, తన ఫోను నా ముందుకు చాపింది. హెచ్‌ఐవీకి కొత్త ఇంజెక్షన్ ఏదో హైదరాబాదులో పరీక్షిస్తున్నారట, చేరతావా అని అడిగి ఒప్పుకోలు కాగితం ఫోనులోకే పంపారట. బొటనవేలితో పైనుంచి కిందిదాకా ఒక్కసారి జరిపేసి, అడుగునున్న గడి చూపించి, "పెద్దమ్మా, గీడ ఒత్తాల్నా?" అంది. అలాంటి కాగితం మీద నా పేరు రాయడానికి నాకు ఎన్ని వారాలు పట్టిందో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అప్పట్లో నేను బీడీలు చేసేదాన్ని. మా ఆయన ఈ జబ్బుతోనే పోయాడు, పోతూ నాకూ అంటించి పోయాడు. అత్తగారింట్లో నా కంచం, నా చెంబు వేరు పెట్టిన నాడే కూతురి చెయ్యి పట్టుకుని కోహెడ దగ్గరి మా ఊరు చేరాను. అక్కడ నలుగురి నోళ్ళకూ జడిసి, నన్ను కన్న మా అవ్వ నన్నూ పిల్లనూ వెంటబెట్టుకుని సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకుంది. ఆ ఇంటి వాకిట్లో ఆడవాళ్ళం ఒళ్ళో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి చుడుతూ, ఊళ్ళో ఎవరినీ వదలకుండా అందరి కథలూ చెప్పుకునేవాళ్ళం. నా కథ మాత్రం ఎప్పుడూ బయటపడనివ్వలేదు. పగలంతా నవ్వించిన ఆ మనుషులు ఇప్పుడెక్కడున్నారో!

మందులు నా ప్రాణం నిలబెట్టాయి, కాదనను. కానీ అరికాళ్ళు మంటలు మండేవి, పోనుపోను వేళ్ళ కొసలు మొద్దుబారాయి. బీడీకి దారం కట్టాక ముడి పడిందో లేదో వేలికి తెలియాలి, నాకు తెలియకుండా పోయింది. లెక్క చూసుకునే కంపెనీ మనిషి నా కట్టలు విప్పి సగం పక్కన పారేసేవాడు. ఏమైందని అడిగితే వాతమని చెప్పేదాన్ని. మార్చి ఇవ్వడానికి ఉన్న ఇంకో మందు నా రక్తానికి పడలేదు. కొత్త మందొకటి పరీక్షలో ఉందని, వేళ్ళు బాగుపడొచ్చని, అయితే అది పనిచెయ్యకపోతే జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా కూతురు అప్పుడు ఆరో తరగతి.

ఆ పరీక్ష జరిగే హైదరాబాదు పెద్ద దవాఖానలో, చేరేవాళ్ళ చేత సంతకాలు పెట్టించే అమ్మాయి ఆ కాగితాలన్నీ నాకూ అవ్వకూ చదివి వినిపించింది. ఆ రోజే సంతకం పెడతానంటే ఒప్పుకోలేదు, ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మంది. అవ్వకు మొదటినుంచీ అనుమానమే. "సంతకమంటే మాటిచ్చినట్టే బిడ్డా. మాటిచ్చినంక ఎనుకకు తిరుగుడేంది?" అని బస్సులో దారంతా పోరింది. మా వాళ్ళలో మాటిచ్చాక ప్రాణం మీదికొచ్చినా తప్పకూడదు. నన్ను అత్తగారింట్లో అన్నేళ్ళు ఉంచింది కూడా పెళ్ళినాడు ఇచ్చిన ఆ మాటే.

రెండోసారి పోయినప్పుడు ఆ భయమే చెప్పాను. ఆ అమ్మాయి పేజీలు తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టి చదివింది: ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. మళ్ళీ చదవమన్నాను. అవ్వ ఊరుకోలేదు. "రేపు నా బిడ్డ ఒద్దని పోతె, ఇప్పుడిచ్చే గోలీలు గుడ బంద్ చేస్తరా?" అని నిలదీసింది. చెయ్యరని ఆ వరుస కూడా వెతికి చూపించింది ఆ అమ్మాయి. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. పెళ్ళిలో గానీ, అత్తింట్లో గానీ, బీడీల పనిలో గానీ, వద్దనుకుంటే వెళ్ళిపో, ఎందుకని అడగం అని నాతో అన్నవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. నాకు ఏడుపొచ్చింది. ఇంకోసారి ఇంటికి పోయొచ్చి, మూడు వంకర అక్షరాల్లో నా పేరు రాశాను.

కొన్ని నెలలకు ఆ తిరుగుళ్ళతో, మాటిమాటికీ తీసే రక్తంతో విసిగి, ఒకరోజు మానేస్తానని చెప్పేశాను. నిజంగానే ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ అమ్మాయి చాయ్ తెప్పించి, పాత మందులు ఎక్కడ తీసుకోవాలో చీటీ రాసిచ్చింది. ఆ చీటీ రవికలో పెట్టుకుని బస్టాండు దాకా వచ్చి, సిద్దిపేట బస్సు కళ్ళముందే ఉన్నా ఎక్కకుండా వెనక్కి నడిచాను. పొమ్మంటే పోలేకపోయాను, నా మనసు నాకే వింత. ఆఖరుదాకా ఉన్నాను. మెల్లగా వేళ్ళకు దారం తెలిసింది.

ఇప్పుడు రోజుకు ఒకటే గోలీ, కాళ్ళ మంటల్లేవు, తిరుగుళ్ళూ తగ్గాయి. మంచిదే. కానీ పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి ఏదీ? నా కళ్ళకు ఫోనులో చీమల బారే కనిపిస్తుంది. అందుకని ఆ పిల్లనే మొదటినుంచి పైకి చదవమన్నాను. విసుక్కుంటూనే చదివింది. చదివి చదివి ఒకచోట ఆగి, "ఎందుకో చెప్పకున్నా నడుస్తదా పెద్దమ్మా?" అని నా మొహంలోకి చూసింది. ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, మళ్ళీ చదువు బిడ్డా అన్నాను.