ఊపిరి తగిలినా తిరగాలి

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున సుపేలా బస్తీ నుంచి పాత ల్యాబు స్నేహితురాలు ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. నీకెవరు చెప్పారని ఎదురడిగాను. తర్వాత రిసాలిలో ఉండే మేడమ్ చెల్లెలికి ఫోన్ చేశాను. ఆవిడ ఏడుపు విన్నాకే నమ్మాను. విన్నదాన్ని వెంటనే నమ్మకపోవడం మేడమ్ నేర్పిన చదువే.

ఇంజనీరింగ్ కాలేజీలో నా పరిశోధనకు ఆవిడే గైడు. శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. మేము చేసేవి ఆవగింజ మీద పెట్టినా కంటికి ఆనని మోటార్లు. అంత చిన్నవాటికి రాపిడే పెద్ద పేచీ. నూనె వేస్తే జిగురులా పట్టేస్తుంది. అందుకని మోటారులో తిరిగే చక్రం కింద పలచని పూతలు పూసి చూసేవాళ్లం.

మేడమ్‌కి అన్నిటిమీదా అనుమానమే. కొత్త మీటరు వస్తే పాతదాని పక్కన పెట్టి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని చూసేవారు. "సంబరం తర్వాత, ముందు శక్ చెయ్యాల, అనుమానపడాల" అనేవారు.

ఒక మే నెలలో నా మోటారు ఆగకుండా తిరిగింది. ఒంట్లోకి మందు పంపే చిన్న పంపులో వాడతామంటూ ఒక కంపెనీ ఆయన రాయపూర్ నుంచి వచ్చి, మోటారు సిద్ధమని మేడమ్ సంతకం అడిగాడు. ఆవిడ పెట్టలేదు. ఇలాంటి మోటారే చేస్తున్న తన పాత శిష్యుడి కోసమే నన్ను ఆపుతున్నారని ల్యాబులో గుసగుసలు. అది నిజమేనా అని ఆవిడనే అడిగేశాను.

మేడమ్ కోప్పడలేదు. "అడిగేవు, మంచిదే. ఇలా రా" అని మోటారు ఉంచిన గాజు పెట్టె మూత తీసి, దాని మీద మెల్లగా ఊపిరి వదిలారు. మైక్రోస్కోపు తెర మీద చక్రం ఠక్కున ఆగిపోయింది.

"ఎండలకి గాలి పొడిగా ఉంటాది, అందుకే తిరిగింది. ఒంట్లో తడి ఉండదేటే? ఏ పసిబిడ్డకో మందు ఎక్కుతున్నప్పుడు ఇలా ఆగిపోతే?"

 మర్నాటి నుంచి ఆవిడే పక్కన కూర్చుని నాతో మళ్లీ మొదలుపెట్టించారు. నీటిని అంటనివ్వని పూత వెతికాం. చక్రం అడుగంతా నేలకు రాసుకోకుండా, సన్నని బొడిపెల మీద నిలబెట్టాం.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం మేడమ్ మళ్లీ ఊపిరి వదిలారు. చక్రం ఆగలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆవిడ మాత్రం తడిగాలి కూడా తగలాలని కిటికీ తెరిచి, దుమ్ము రాకుండా తడిగుడ్డ కట్టి వచ్చారు. స్టూలు లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెర ముందు కూర్చున్నారు. వానగాలికి నెరిసిన జుట్టు కళ్ల మీద పడుతున్నా తోసుకోలేదు. ఇప్పుడాగుతుందేమో, ఇప్పుడాగుతుందేమో అన్నట్టు, తిరిగే ఆ చక్రాన్నే కళ్లు చికిలించి చూస్తూ ఉండిపోయారు.