ముసలి కంప్యూటరుకు దుబాసీ

“ఎక్కడిదాకా వచ్చావు, రాజమ్మా?”

“ఒత్తుల కాడ ఆగిన, మేడం.”

“ఆగిన అనకు. ఉన్న అను.”

సుగుణ మేడంకూ నాకూ మధ్య ఆఖరి మాటలు అవే. ఆసుపత్రి మంచం మీద నుంచి అన్నారు. ఇప్పుడు నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత టైపు చేస్తోంది. ఆ టకటక చెవిన పడగానే యూనివర్సిటీ ల్యాబు, అందులో మేడం కుర్చీ కళ్ల ముందుకొచ్చాయి.

మా ఆయన పోయాక లాలాగూడ నుంచి రోజూ వచ్చి ఆ ల్యాబు ఊడ్చేదాన్ని. మేడం అక్కడ కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. కోస్తా మనిషి, గట్టిగా కోప్పడి వెంటనే టీ పోసిచ్చే రకం. ఒకరోజు గోడ మీది నోటీసు చదవమన్నారు. రాదన్నాను.

“ఈ వయసుల పలక పడితే నవ్వుతరు, మేడం.”

ఆమె స్టోరు గదిలోని పాత కంప్యూటరు మీద దుమ్ము తుడిచారు. “ఇది నవ్వదు. అక్షరాన్ని గీత గీతగా రాసి చూపించే పాఠం ఎప్పుడో దీనికోసమే రాశాను. కానీ దీని దుబాసీ పోయాడు. కొత్తవాళ్ల మాట దీనికి ఎక్కదు. ఎండాకాలం సెలవుల్లోపు పాతవాడు దొరక్కపోతే దీన్ని తుక్కులో వేసేస్తారు, నీ పాఠంతో సహా.”

పోయాడంటే చచ్చిపోయాడనుకున్నాను. మా బస్తీలో రైల్వేలో రిటైరైన మస్తాన్ సాబ్‌కు చాలా భాషలు వచ్చు. మర్నాడు ఆయన్ని ఇస్త్రీ చొక్కాతో తెచ్చి నిలబెట్టాను.

“ఏ జబాన్ల మాట్లాడాలె, మేడం?”

“బేసిక్.”

“గది ఏ జిల్లల మాట్లాడ్తరు?”

మేడం నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బేసిక్ అంటే కంప్యూటరు భాషట. దుబాసీ అంటే మనిషి కాదట. మనం రాసిన పాఠాన్ని ఒక్కో వరుసా చదివి యంత్రానికి అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రామట. అది ఉండే నల్లటి ఫ్లాపీకి బూజు పట్టిందట.

మస్తాన్ సాబ్‌కు రోషం వచ్చింది. “నవ్వకుండ్రి. గసోంటివి రామంతాపూర్ల మా బామ్మర్ది దుకాణంల మస్తుగ పడి ఉన్నయ్.”

ఆ టీవీ రిపేరు దుకాణం నుంచి సంచి నిండా తెచ్చాము. మేడం ఒక్కొక్కటే పెట్టడం, యంత్రం గురగురమని ఊరుకోవడం. చాలించమని నేనే అన్నాను.

“సంచి ఖాళీ అయిందా?”

“కాలే.”

“అయితే ఇంకోటి ఇవ్వు.”

సంచి అడుగుకు చేరాక తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. దుబాసీ దొరికాడంటూ మేడం పాఠం ఎక్కించారు. పచ్చటి గీత మెల్లగా వంపు తిరిగి ‘అ’ అయింది. నేను చీపురు పక్కన పెట్టి కూర్చున్నాను.

తుక్కువాళ్లు వచ్చినప్పుడు మేడం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. “ఇది పనిచేస్తోంది. దీనికో విద్యార్థి ఉంది” అన్నారు.

ఆమె పోయాక నాకు పాఠం చెప్పేవారు లేరు. అయినా తార్నాక బస్టాపులో ప్రతి బస్సు బోర్డూ చదువుతాను. ఒత్తు వస్తే నాలుక తడబడుతుంది. బస్సు వెళ్లిపోయినా వదలను, పలికేదాకా పలుకుతూనే ఉంటాను.

సుజాతా, ఇగ అయిపోయింది. మొదటినుంచి చదివి వినిపించు. వేలు పెట్టి చూపించుకుంట చదువు. ఒత్తొచ్చిన కాడ నువ్వు చప్పుడు చేయకు, నేను చెప్త.